ఎల్ మిరాజ్ దుమ్ము, ఓ జానెడు ఫోర్డు

ఆ కారుని మొదటిసారి చూడగానే నాకొచ్చిన ఆలోచన ఒక్కటే: ‘అయ్యో, దీని మీద ఏదో పడింది!’

లాస్ ఏంజిలెస్ పక్కన బర్బాంక్‌లో బాబ్స్ బిగ్ బాయ్ అని పాత రెస్టారెంట్ ఒకటుంది. 1949లో కట్టింది. శుక్రవారం సాయంత్రమైతే దాని పార్కింగ్ నిండా పాత కార్లే. ఎవరి బండిని వాళ్లు తుడుచుకుంటూ, మడత కుర్చీలేసుకుని, వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెప్తూ కూర్చుంటారు. మా టీమ్‌లో ఒకతను బర్గర్ తిందాం రమ్మంటే వెళ్లాను. అక్కడ నల్ల ఫోర్డు ఒకటి. మడ్‌గార్డుల్లేవు. బానెట్‌కి పక్క రేకుల్లేవు, ఇంజిన్ బయటికే కనిపిస్తోంది. టాపు చూస్తే ఎవరో పైనుంచి అరచేత్తో అదిమినట్టు దిగిపోయి ఉంది. కిటికీలు పోస్టు డబ్బా నోరంత ఉన్నాయి. నేను పెరిగింది విజయవాడ ఆటోనగర్‌లో. మా దగ్గర టాపు అణిగిన బండి కనిపించిందంటే అది ఏక్సిడెంట్ బండే.

అదే అడిగేశాను. కారు ఓనర్‌కి డెబ్బై దాటి ఉంటాయి. పగలబడి నవ్వి, “ఏక్సిడెంట్ కాదు, నేనే కోశాను. 4 అంగుళాలు” అన్నాడు. అద్దాల పక్కనుండే స్తంభాలని కోసి, మధ్యలో 4 అంగుళాల ముక్క తీసేసి, టాపుని కిందికి దించి మళ్లీ అతికించాడట. గాలి ఒత్తిడి తగ్గితే బండి ఇంకాస్త స్పీడుగా పోతుందని ఒకప్పుడు కుర్రాళ్లు మొదలుపెట్టిన పని. దీన్ని ‘చాప్’ అంటారు. ఇలా కోసి, విప్పి, మార్చిన బండే హాట్ రాడ్.

కొంచెం ఫ్లాష్‌బ్యాక్. 1932లో ఫోర్డు కంపెనీ మామూలు జనం కొనుక్కోగల ధరలో వీ8 ఇంజిన్ కారు తెచ్చింది. 65 హార్స్‌పవర్. ఇవాళ మన చిన్న హ్యాచ్‌బ్యాక్‌లకి కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది గానీ, అప్పట్లో 8 సిలిండర్లంటే డబ్బున్నవాళ్ల వ్యవహారం. కొన్నేళ్లకి ఆ కార్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరకడం మొదలైంది. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు వాటిని కొని, బరువు తగ్గడానికి మడ్‌గార్డులు పీకేసి, మొహావి ఎడారిలో ఎండిపోయిన చెరువుల మీద ఎవరి బండి ఎంత స్పీడు పోతుందో చూసుకునేవాళ్లు. వాళ్ల క్లబ్బులన్నీ కలిసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అని పెట్టుకున్నాయి. అది ఇప్పటికీ నడుస్తోంది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంకా తమాషా. సైన్యం వదిలించుకున్న సామాను చవగ్గా వచ్చేది. బాంబర్ విమానంలోని అల్యూమినియం సీటు కారులోకి ఎక్కింది. బిల్ బర్క్ అనే ఆయనైతే 1946లో యుద్ధ విమానం కింద తగిలించే పెట్రోలు ట్యాంకు పట్టుకొచ్చి, దాన్నే కారు బాడీగా చేసేశాడు! కంపెనీ ఇచ్చిన బండి చాలదు, కొత్తది కొనే డబ్బుల్లేవు. చేతిలో ఉన్నది రంపం, వెల్డింగ్ గన్. హాట్ రాడ్ అంటే ఇంతే.

నాకు బాగా నచ్చేసింది. కానీ నా దగ్గర గ్యారేజీ లేదు. ఇర్వైన్‌లో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్, ఇద్దరు రూమ్మేట్లు, వీసా మీద ఉద్యోగం. అందుకని పెట్టెలో వచ్చే కారు కొన్నాను. రెవెల్ వాళ్ల 1932 ఫోర్డు ఫైవ్ విండో కూపే, 1/25 స్కేలు ప్లాస్టిక్ కిట్. సుమారు 30 డాలర్లు. అసలు కారుని 25 రెట్లు కుదిస్తే జానెడు కూడా ఉండదు. అక్కడ 4 అంగుళాలంటే ఇక్కడ 4 మిల్లీమీటర్లు.

చెప్పినట్టు అతికిస్తే వీకెండ్‌లో అయిపోతుంది. నిజానికి కొన్ని కిట్లు మార్పులకి చోటిచ్చే అమ్ముతాయి. 1958లోనే ఏఎంటీ అనే కంపెనీ ఒకే పెట్టెలో మూడు రకాలుగా చేసుకునే కిట్లు తెచ్చింది: షోరూం బండిలాగా, కస్టమ్‌గా, రేసు బండిలాగా. కానీ అదీ వాళ్లిచ్చిన ముక్కలతోనే. అసలు మజా పెట్టెలో లేనిదాన్ని మనమే తయారు చేయడంలో ఉంది. దాన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. కోడింగ్ చేసేవాళ్లకి చెప్పాలంటే, లైబ్రరీ దిగుమతి చేసుకోకుండా ఫంక్షన్ మనమే రాసుకోవడం. ఆఫీసులో అలా చేస్తే మేనేజర్ తిడతాడు. ఇక్కడ తిట్టేవాడు లేడు.

ముందు సీటు చేశాను, కోక్ డబ్బాతో. ఖాళీ డబ్బాని కత్తెరతో కోసి, గుండ్రంగా ఉన్న రేకుని టేబుల్ అంచుకేసి లాగి చదును చేసి, అట్ట ముక్క మీద గీసుకున్న కొలత ప్రకారం కత్తిరించాను. బాంబర్ సీట్లకి బరువు తగ్గడానికి వరసగా చిల్లులుంటాయి. చేత్తో తిప్పే బుల్లి డ్రిల్లుతో 1 మిల్లీమీటరు చిల్లులు పెట్టాను. అసలు సీటులో అది అంగుళం. అంచులు చేతికి గుచ్చుకోకుండా రేకుని లోపలికి చుట్టాలి కదా, దానికి కుట్టు సూది పెట్టి దాని మీదుగా మడిచాను. ఆరు సీట్లు చిరిగాయి. ఏడోది నిలిచింది. మా రూమ్మేట్ చూసి, “పొడి చల్లే డబ్బా మూత ఎక్కడిదిరా?” అన్నాడు.

తర్వాత సైలెన్సర్ గొట్టాలు. సోల్డరింగ్ తీగ మెత్తగా వంగుతుంది, మడత పడదు. 2 మిల్లీమీటర్ల తీగ కొని, పక్కకి నాలుగు చొప్పున ఎనిమిది గొట్టాలు వంచాను. 8 సిలిండర్లకి 8 గొట్టాలు, లెక్క సరిపోయింది అనుకున్నాను. గర్వంగా ఫొటో తీసుకున్నాను కూడా. ఆ ఫొటో గురించి మళ్లీ చెప్తాను.

ఇక టాపు.

ఫైవ్ విండో కూపేకి పక్కకి మూడు స్తంభాలు, వెనక అద్దం చుట్టూ రేకు. అన్నిటి మీదా సన్నటి టేపు అతికించి, రెండు గీతలు గీసి, రేజర్ రంపంతో కోశాను. రెండున్నర గంటలు పట్టింది. మధ్య ముక్క తీసేసి టాపుని బాడీ మీద పెట్టాను. కూర్చోలేదు. ముందు స్తంభాలు అద్దం వైపు నుంచి వెనక్కి వాలి ఉంటాయి. వెనక రేకేమో ముందుకి వాలి ఉంటుంది. పైకి పోయేకొద్దీ కారు పొట్టిగా అవుతుందన్నమాట. టాపుని కిందికి దించితే, ఆ ఎత్తులో బాడీ పొడుగ్గా ఉంది, టాపేమో పొట్టిగా ఉంది. ముందు సరిపెడితే వెనక సందు, వెనక సరిపెడితే ముందు సందు. దానికితోడు రంపం తినేసిన ప్లాస్టిక్‌ని లెక్కలో వేసుకోలేదు. రెండు కోతలకీ కలిపి అర మిల్లీమీటరు పోయింది. కంప్యూటర్ సైన్స్ చదివినవాడికి ఇలాంటి తప్పు కొత్తేం కాదు గానీ, ఇక్కడ కంట్రోల్ జెడ్ లేదు.

ముక్కలన్నీ డబ్బాలో పడేసి మూత పెట్టేశాను.

సరిగ్గా ఆ వారమే నాన్న ఫోన్ చేశాడు. “నెలాఖరుకి షెడ్డు ఖాళీ చేస్తున్నారా. సామాను కాటాకి వేసేస్తా.”

మా నాన్న లారీ క్యాబిన్ మేస్త్రీ. తెలియనివాళ్లకి: ఒకప్పుడు లారీ అంటే కంపెనీ నుంచి ఛాసిస్, ఇంజిన్, ముందు కాస్త రేకు మాత్రమే వచ్చేవి. డ్రైవర్ చెక్క స్టూలు లాంటిదాని మీద కూర్చుని, గాలికీ దుమ్ముకీ తువ్వాలు కట్టుకుని తోలుకొచ్చేవాడు. క్యాబిన్, వెనక బాడీ ఆటోనగర్‌లోనే కట్టేవాళ్లు. నాన్న రేకు కోసి, సుత్తితో మలిచి, వెల్డింగ్ పెట్టి, లప్పం రాసి క్యాబిన్ నిలబెట్టేవాడు. ఇప్పుడు చాలా లారీలు కంపెనీ క్యాబిన్‌తోనే వస్తున్నాయి. పని తగ్గింది. మోకాళ్లు కూడా మొండికేశాయి.

“సరే నాన్నా, రెస్ట్ తీసుకో” అన్నాను. మీటింగ్ ఉందని పెట్టేశాను. మీటింగ్ నిజంగానే ఉంది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. నాన్న నన్ను ఎప్పుడూ షెడ్డులో పని ముట్టుకోనివ్వలేదు. సెలవుల్లో వెళ్తే కుర్చీ చూపించి పుస్తకం తీసుకోమనేవాడు. “ఈ మసి నాతో ఆగాలి” అనేవాడు. బీటెక్ మొదటి రోజు క్లాసులో లేచి పరిచయం చేసుకోమన్నారు. నాన్న ఏం చేస్తారంటే “బిజినెస్” అన్నాను. ఏం బిజినెస్ అంటే “ఆటోమొబైల్” అన్నాను. నాలుగేళ్లూ అదే నడిచింది. అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. చివరికి వీసా ఇంటర్వ్యూలో కూడా అదే మాట నోటికొచ్చింది. ఇప్పుడేమో 30 డాలర్లు పోసి, రాత్రి పదకొండింటికి, బుల్లి బండి టాపు కోస్తున్నాను. ఈ సంగతి నాన్నకి చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

అక్టోబర్‌లో ఎల్ మిరాజ్ వెళ్లాను. ఆ పాత టైమింగ్ అసోసియేషన్ వాళ్లు మే నుంచి నవంబర్ మధ్యలో కొన్ని వీకెండ్లలో ఇప్పటికీ అక్కడ బండ్లు తోలతారు. పొద్దున నాలుగున్నరకి బయల్దేరి, ఐ-15 మీద కహోన్ కనుమ ఎక్కి, అక్కణ్నుంచి 395 రోడ్డు పట్టుకుని, అడెలాంటో ఊరు దాటి ఎడమకి తిరిగాను. అక్కడక్కడా జాషువా చెట్లు, తుప్పుపట్టిన ట్రెయిలర్ ఇళ్లు. తర్వాత అవీ లేవు. గేటు దగ్గర డబ్బులు కట్టి లోపలికి వెళ్తే రోడ్డు అయిపోతుంది. చెరువు మొదలవుతుంది.

చెరువంటే నీళ్లనుకునేరు. వానలు పడితేనే నీళ్లు. మిగతా అంతా చదునుగా, గట్టిగా, మన ఊళ్లో ఎండాకాలం ఎండిన చెరువులాగా నెర్రెలు విచ్చిన మట్టి. మైళ్ల కొద్దీ అంతే. సముద్ర మట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తు కాబట్టి పొద్దున్నే చలి వణికించేసింది. తొమ్మిదయ్యేసరికి జాకెట్ తీసేశాను. పదకొండుకి నీడ కోసం వెతుక్కున్నాను. చెట్టు ఒక్కటీ లేదు. దుమ్ము మాత్రం బియ్యప్పిండంత మెత్తగా ఉంది. వారం తర్వాత కూడా నా బూట్ల కుట్లలోంచి రాలింది.

రేసు అంటే పక్కపక్కన పోటీ కాదు. ఒక్కో బండే వెళ్తుంది. ట్రాకు పొడవు 1.3 మైళ్లు, చివర్లో స్పీడు కొలుస్తారు. చాలా బండ్లని వెనకనుంచి ఇంకో పికప్ ట్రక్కు నెట్టుకుంటూ వెళ్లి వదుల్తుంది. లక్షలు పెట్టి చేసిన బండి, స్టార్ట్ కావడానికి మాత్రం మన బ్యాటరీ దిగిన ఆటోలాగా తోయించుకుంటుంది! ఆ తర్వాత వచ్చే చప్పుడు చెవికి కాదు, ఛాతీకి వినిపిస్తుంది. బండి కనిపించదు. దుమ్ము తోక ఒకటి దిగంతం వైపు పరిగెడుతుంది. చప్పుడు ఆగాక అందరూ ఓ నిమిషం మాట్లాడకుండా అటే చూస్తారు.

బండ్లు నిలిపిన చోట ఎవరైనా తిరగొచ్చు. తలుపు మీద ‘ఎక్స్ఎఫ్’ అని రాసి ఉంటే లోపల పాత ఫ్లాట్‌హెడ్ ఫోర్డు వీ8 అన్నమాట. అలాంటి బండి ఒకటి బానెట్ తీసి ఉంటే వంగి చూశాను. పక్కకి మూడే గొట్టాలు. మళ్లీ లెక్కపెట్టాను. మూడే. ఆ ఇంజిన్‌లో మధ్యనున్న రెండు సిలిండర్ల పొగ ఒకే దారిలో బయటికొస్తుందట. నా ఎనిమిది గొట్టాల ఫొటో ఫోన్‌లోనే ఉంది. అక్కడే నిలబడి డిలీట్ చేశాను.

దాని పక్కన 32 కూపే. టాపు కోసిందే. ప్రైమర్ మీదే ఉంది, రంగు వేయలేదు, అందుకని అతుకులన్నీ కనిపిస్తున్నాయి. నేను అంతసేపు స్తంభాల దగ్గరే తచ్చాడుతుంటే ఓనర్ వచ్చి ఏంటని అడిగాడు. ఫోన్‌లో నా ప్లాస్టిక్ ముక్కలు చూపించాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. ఫొటో పెద్దది చేసి చూసి, “రెండు దారులున్నాయి. టాపుని మధ్యకి కోసి, పట్టీ వేసి పొడుగు చెయ్యడం. లేదా స్తంభాలు వాల్చడం. నేను మొదటిది చేశాను. ఓ చలికాలం మొత్తం పట్టింది” అన్నాడు. తన టాపు మీద అడ్డంగా ఉన్న వెల్డింగ్ గీత మీద నా వేలు పెట్టించాడు. కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది.

ఆ గీతని వీడియో తీశాను. ఎందుకో తెలియదు గానీ, సిగ్నల్ దొరకగానే అదీ, నా ముక్కల ఫొటోలూ కలిపి నాన్నకి వాట్సాప్ చేసేశాను. కింద ఒక్క మాట రాయలేదు.

ఇంటికొచ్చి స్నానం చేసేసరికి వీడియో కాల్. అక్కడ ఆదివారం పొద్దున. నాన్న షెడ్డులోనే ఉన్నాడు. వెనక గోడ ఖాళీగా ఉంది. ఎప్పుడూ సుత్తులు, శానాలు వేలాడే గోడ అది.

“ఎవడ్రా ఆ వెల్డింగ్ పెట్టింది? బాగా తెలిసినోడు. రేకు ఎక్కడా వంకర పోలా.”

పది నిమిషాలు ఆ కారు గురించే. తర్వాత, “సరే, నీ చేతిలో ఏంటది? బొమ్మా?”

చెప్పాను. కిట్టు, 4 మిల్లీమీటర్లు, కూర్చోని టాపు, అన్నీ. విని, కాసేపు ఊరుకున్నాడు. “డబ్బులిచ్చి మరీ ఈ పని చేస్తున్నావా?” అన్నాడు. గొంతులో కోపమో, నవ్వో తెలియలేదు. తర్వాత “దగ్గరగా చూపించు” అన్నాడు.

కెమెరా ముందు ముక్కలు తిప్పి చూపించాను.

“పైదాన్ని పొడుగు చెయ్యమాకు. అతుకు టాపు మీదకొస్తే జన్మలో దాగదు. కిందదాన్ని వంచు. స్తంభం అడుగున, లోపలి వైపు సన్నగా గాటు పెట్టు. మొత్తం తెగ్గొయ్యకు, ముప్పాతిక చాలు. వెనక్కి వంచితే గాటు మూసుకుంటది. గుద్దుకుని చొట్టపడ్డ క్యాబిన్‌కి ముందు అద్దం ఫ్రేము మేం నిలబెట్టేది అట్టాగేగా.”

“నాకెప్పుడు చూపించావ్ నాన్నా?” అన్నాను. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అన్నాను.

నాన్న దానికి జవాబు చెప్పలేదు. “ముందు ఒక పక్క చేసి చూపించు” అన్నాడు.

ఆ రాత్రి కాల్ పెట్టేయలేదు. ఫోన్‌ని కాఫీ కప్పుకి ఆనించి పని చేశాను. ముందు స్తంభం రెండు మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు. రంపం రెండుసార్లు లాగితే గాటు వచ్చేసింది. మూడోసారి లాగుంటే తెగిపోయేదే, నాన్న “చాలు చాలు” అని అరిచాడు. వెనక్కి వంచాను. గాటు మూసుకుంది. బ్రష్‌తో సన్న గమ్ము ఒక్క చుక్క పెడితే దానంతటదే లోపలికి పాకింది. రెండో పక్కా అంతే. వెనక రేకుని కూడా కాస్త ముందుకి వాల్చాను. రంపం తినేసిన అర మిల్లీమీటరు కోసం స్తంభాల మధ్య ప్లాస్టిక్ షీటు ముక్కలు పెట్టి, ఆకురాయితో రాసి, పైన లప్పం పట్టించాను. టాపు పెడితే కూర్చుంది. ఎడమ పక్క వెంట్రుకంత సందు ఉంది. నాన్నకి కనిపించలేదనుకున్నాను.

“ఎడం పక్క లప్పం ఇంకొంచెం” అన్నాడు.

అప్పుడడిగాను. “సామాను అమ్మేశావా?”

“గ్యాస్ సెట్టు, వెల్డింగ్ మిషను నిన్ననే పోయినయ్యి. రోలరు రేపు పట్టుకెళ్తారంట. సుత్తులు మిగిలినయ్యి. కిలోల లెక్కన ఎంతొస్తది గనక.”

“సుత్తులు ఉంచు.”

“ఏం చేసుకుంటావురా? అక్కడ దొరకవా?”

దొరుకుతాయి. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి. కానీ ఆ గుండ్రటి తల సుత్తి పిడి నాన్న చేతికి తగ్గట్టు అరిగిపోయి ఉంటుంది. ఆ మాట నేను అనలేదు. “వచ్చే ఏడాది వస్తాగా, తెచ్చుకుంటా” అన్నాను. “బ్యాగులో 23 కేజీలే గదరా, పచ్చళ్లు పెట్టుకుంటావా, సుత్తులు పెట్టుకుంటావా?” అని పక్కనుంచి అమ్మ గొంతు. అమ్మ కూడా షెడ్డులోనే ఉందని అప్పుడే తెలిసింది. చివరికి రెండు సుత్తులు, వాటి కింద పెట్టుకునే ఇనప దిమ్మ ఒకటి ఇంటికి చేరాయి. మిగతావి పోయాయి.

కారు పూర్తవడానికి ఇంకో నెలన్నర పట్టింది. గొట్టాలు మళ్లీ చేశాను, ఈసారి పక్కకి మూడు. ప్లగ్గులకి ఎనిమిది సన్నటి వైర్లు. ముందు యాక్సిల్‌ని వేడి చేసి వంచి మూతి కిందికి దించాను. రంగు నల్లదే అనుకున్నాను గానీ చివరికి ప్రైమర్ మీదే వదిలేశాను, ఎల్ మిరాజ్‌లో చూసిన కూపేలాగా. రంగు వేస్తే అతుకులు కనబడవు.

ఫొటోలు పంపితే నాన్న అన్నీ చూసి, “బండికి దిష్టి ఏది?” అన్నాడు.

“హాట్ రాడ్‌కి బంపర్ ఉండదు నాన్నా, ఎక్కడ కట్టాలి?”

“బంపర్ లేకుండా బండేంట్రా! యాక్సిల్‌కి కట్టు.”

నిమ్మకాయని 25 రెట్లు కుదిస్తే 2 మిల్లీమీటర్లు వచ్చింది. లప్పం ఉండ చేసి పసుపు రంగు వేశాను. మిరపకాయలు 3 మిల్లీమీటర్లు. కిట్‌లో మిగిలిన ప్లాస్టిక్ కాడని కొవ్వొత్తి మీద వేడి చేసి లాగితే దారంలా సాగుతుంది. దాన్ని ముక్కలు చేసి, కొసలు సన్నంగా గీకి, ఆకుపచ్చ రంగు వేసి, రాగి తీగకి గుచ్చాను. రెండు గంటలు పట్టింది. మొత్తం కారులో నా కళ్లు ఎక్కువ నొప్పి పుట్టింది అక్కడే. యాక్సిల్‌కి కట్టి, దగ్గరగా ఫొటో తీసి పంపాను.

ఐదు నిమిషాలకి మెసేజ్ వచ్చింది. “మిరపకాయలు ఆరే ఉన్నాయి. ఏడు ఉండాలి.”

పెద్దది చేసి లెక్కపెట్టాను. ఆరే.